న్యూస్ ఛానల్ ఎవరిని మారుస్తుంది: ఓటరునా, నాయకుణ్ణా?

నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "న్యూస్ ఛానళ్ళు నాయకుల నిర్ణయాల్నీ జనం అభిప్రాయాన్నీ నిజంగా ఎంత మారుస్తాయి? అమెరికాలో ఫాక్స్ న్యూస్ గురించి రాసినవన్నీ మన విజయవాడ, గుంటూరుకి కూడా వర్తిస్తాయా? దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

ముందే చెప్పేస్తా. ఛానళ్ళు ఓటరుని మార్చేది కొంచెమే, నాయకుణ్ణి మార్చేది మాత్రం చాలా ఎక్కువ. మన దగ్గర న్యూస్ ఛానల్‌ని అందరికన్నా శ్రద్ధగా చూసేది పాన్ షాపు దగ్గర నిలబడ్డ మనిషి కాదు, నాయకుడు. ఆయన తర్వాత ఆయన పీఏ, ఆ తర్వాత ఎదుటి పార్టీవాళ్ళు. మామూలు జనం ఆ తర్వాతే. ఫాక్స్ న్యూస్ అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే ఛానల్; ఆ పోలిక కొంతవరకు పనికొస్తుంది, కొంతవరకు దారి తప్పిస్తుంది. ఎక్కడెక్కడో కింద రాశాను.

నేను గుంటూరులో స్ట్రింగర్‌గా, అంటే వార్తకింత అని పనిచేసే విలేకరిగా మొదలుపెట్టి, విజయవాడ బ్యూరోలో చాలా ఏళ్ళు రిపోర్టరుగా చేశాను. తర్వాత ఒక ప్రజాప్రతినిధి దగ్గర మీడియా వ్యవహారాలు చూశాను. మైకు గొట్టం పట్టుకున్నవాడి బాధా, గొట్టం ముందు నిలబడ్డవాడి బాధా రెండూ తెలుసు. ఇప్పుడు ఏ ఛానల్లోనూ లేను, ఏ పార్టీ జీతమూ లేదు. నేను పనిచేసిన చోట్ల పేర్లు మాత్రం అడక్కండి.

ఆఫీసులో ఏం జరుగుతుందంటే

నాయకుడి క్యాంపు ఆఫీసులో గోడకి వరసగా టీవీలుంటాయి. అన్నిటికీ సౌండ్ తీసేసి ఉంటుంది. ఒక కుర్రాడు పొద్దున ఆరింటి నుంచి వాటి ముందు కూర్చుని, ఏ ఛానల్లో ఎన్నింటికి తెర అడుగున ఏ స్క్రోలింగ్ వచ్చిందో రాసుకుంటూ ఉంటాడు. మా దగ్గరైతే లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకునేవాళ్ళం: టైము, ఛానలు, మేటరు. నాలుగో గడి తర్వాత వచ్చింది, "మనకా, ఎదురా" అని. అన్నగారు, అంటే మా నాయకుడు, స్నానం చేసి వచ్చి కూర్చోగానే మొదట అడిగేది నియోజకవర్గం సంగతి కాదు. "వాళ్ళేం వేశారు?" అని. ఆ తర్వాత "మనవాళ్ళేం వేశారు?"

తొమ్మిదింటికల్లా ఆ రోజు ఎజెండా తేలిపోతుంది. దాన్ని తేల్చింది టీవీ అని కూడా గట్టిగా చెప్పలేం. మన ఛానళ్ళలో పొద్దున్నే నడిచేది పేపర్లు ముందేసుకుని హెడ్డింగులు చదివి, ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి వాదించుకునే కార్యక్రమం. పేపర్లో బ్యానర్ అయింది ఏడింటికి చర్చ అవుతుంది. చర్చలో ఎవరో అన్నమాట తొమ్మిదింటికి స్క్రోలింగ్ అవుతుంది. ఆ స్క్రోలింగ్‌కి వైసీపీ ఆఫీసున్న తాడేపల్లిలో ఒక ప్రెస్ మీటు, దానికి టీడీపీ ఆఫీసున్న మంగళగిరిలో కౌంటర్ ప్రెస్ మీటు. ఎవరు అధికారంలో ఉంటే వాళ్ళది రెండోదవుతుంది, లేనివాళ్ళది మొదటిదవుతుంది, అంతే తేడా. మధ్యాహ్నం మూడింటికి ఈ రెండు ప్రెస్ మీట్ల మీద మళ్ళీ చర్చ. రాత్రి ఆ చర్చలో ఎవరో నోరు జారితే మర్నాటి పేపరుకి బ్యానరు తయారు.

ఈ గుండ్రంలో సామాన్యుడు ఎక్కడున్నాడు? లేడు. విజయవాడ, మంగళగిరి, తాడేపల్లి మధ్య ఇరవై కిలోమీటర్ల లోపలే ఒకరికొకరు వినిపించుకుంటూ తిరిగే వ్యవహారం ఇది. అయితే దీన్ని తీసిపారేయడానికి లేదు. సంతకాలు పెట్టే చేతులన్నీ ఆ ఇరవై కిలోమీటర్లలోనే ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెప్తా. ఒక ప్రభుత్వాసుపత్రిలో లిఫ్టు చెడిపోతే రోగిని స్ట్రెచర్ మీద మెట్లెక్కించి మోసుకుపోతున్న విజువల్ ఒకటి మా స్ట్రింగర్ పంపాడు. నిమిషం కూడా లేదు. డెస్కువాళ్ళు దాన్నే తిప్పి తిప్పి వేశారు. అరగంటలో మంత్రి పేషీ నుంచి ఆసుపత్రికి ఫోను, గంటలో కెమెరా ముందు సూపరింటెండెంట్‌గారి మాట (బైటు), మధ్యాహ్నానికి లిఫ్టు మెకానిక్కు, సాయంత్రానికి లిఫ్టు ఆపరేటర్‌కి మెమో. మేం "ఎఫెక్ట్" అని తెర మీద పెద్ద అక్షరాల ప్లేటు వేసుకుని మురిసిపోయాం. బాగైంది మాత్రం విజువల్లో కనపడ్డ లిఫ్టు ఒక్కటే. అదే బిల్డింగులో వెనకవైపు లిఫ్టు అంతకు ముందు నుంచీ పనిచేయడం లేదు, అది అలాగే ఉంది. మెయింటెనెన్సు కాంట్రాక్టు బిల్లులు ఎందుకు ఆగాయన్న ప్రశ్న ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. బిల్లుకి విజువల్ ఉండదు కదా.

టీవీ నాయకుణ్ణి కదిలించే తీరు ఇదే. వేగంగా కదిలిస్తుంది, తెర మీద కనపడ్డంత మేరకే కదిలిస్తుంది. శిక్ష కూడా తెరమీద కనపడ్డవాళ్ళలో అందరికన్నా కిందివాడికి పడుతుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వాగు వరద విజయవాడ వాళ్ళెవరూ మర్చిపోరు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి కృష్ణమ్మ ఒకవైపు, గండ్లు పడిన బుడమేరు ఇంకోవైపు. సింగ్ నగర్ మునిగింది. ముఖ్యమంత్రి కలెక్టరేట్లోనే మకాం వేశారు. కెమెరాలన్నీ సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర. అక్కడైతే లైవ్ ఇచ్చే ఓబీ వ్యాన్ నిలబెట్టుకోవచ్చు, కాళ్ళు తడవవు, సిగ్నల్ ఉంటుంది. లోపలి కాలనీల జనం ఫోన్ చేసి "ఫ్లైఓవర్ దగ్గర వాళ్ళకే పాలూ నీళ్ళూ అందుతున్నాయి, మా వీధిలోకి రండి" అని మొరపెట్టుకున్నారు. అధికారులకి ఫోన్ చేసి విసిగిపోయినవాళ్ళు ఛానల్ ఆఫీసుకి ఫోన్ చేశారు. ఒక పక్క ఛానళ్ళే లేకపోతే ఆ గోడు పైకి వెళ్ళేదే కాదు. ఇంకో పక్క ఛానల్ వ్యాను ఆగిన చోటే సాయం ఆగింది. ఈ రెండూ నిజాలే. రెండింట్లో ఒకటే పట్టుకుని ప్రాజెక్టు రాస్తే మాత్రం తప్పు రాసినట్టే. ఆ తర్వాత బ్యారేజీ గేట్లని గుద్దుకున్న పడవలు ఎవరివి, ఏ పార్టీ రంగువి అన్న చర్చ మొదలయ్యాక ముంపు వీధుల్లో బురద సంగతి తెర దిగిపోయింది.

ఎక్కడ కదిలిస్తుంది, ఎక్కడ కదిలించదు

అమెరికాలో సీఎన్‌ఎన్ 1980లో మొదలైంది, ఇరవైనాలుగు గంటల వార్తలతో. తొంభైల్లో సోమాలియా ఆకలి దృశ్యాలు చూసి అమెరికా సైన్యాన్ని పంపిందనీ, 1993లో మొగదిషులో చనిపోయిన తన సైనికుల దృశ్యాలు చూసి వెనక్కి తెచ్చుకుందనీ ఒక వాదన పుట్టింది. దానికి సీఎన్‌ఎన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. తర్వాత పరిశోధకులు తరచి చూసి, అంత సులువు కాదన్నారు. ప్రభుత్వానికి గట్టి విధానం లేక ఊగిసలాడుతున్నప్పుడే టీవీ దాన్ని తోయగలదు, ప్రభుత్వం ఒక మాట మీద నిలబడితే కెమెరాలు ఎంత మొత్తుకున్నా పెద్దగా కదలదని తేల్చారు.

మన అమరావతి దీనికి సరిగ్గా సరిపోతుంది. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ వెంటనే తుళ్ళూరు, మందడం, వెలగపూడి శిబిరాల్లో దీక్షలు మొదలయ్యాయి. కొన్ని ఛానళ్ళు వాటిని రోజూ చూపించాయి. ఆడవాళ్ళు రోడ్ల మీదికి రావడం, పోలీసుల తోపులాటలు, పాదయాత్ర, అన్నీ లైవులే. ప్రభుత్వం కదిలిందా? 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టాల్ని వెనక్కి తీసుకుంది. కానీ అది హైకోర్టులో విచారణ నడుస్తున్నప్పుడు, మళ్ళీ మెరుగైన బిల్లుతో వస్తామని చెప్పి మరీ. 2022 మార్చిలో అమరావతికి అనుకూలంగా తీర్పిచ్చింది కోర్టు. చివరికి తేల్చింది 2024 ఓటు. ఏళ్ళ తరబడి నడిచిన లైవు ఆ ప్రభుత్వ విధానాన్ని ఒక్క అంగుళం జరిపిందని నేను చెప్పలేను. అదే ప్రభుత్వం ఒక మండలంలో పింఛను ఆగిందన్న స్క్రోలింగ్‌కి మాత్రం గంటలో పరుగెత్తేది. ఎందుకంటే పింఛను ఆపాలన్నది వాళ్ళ విధానం కాదు.

కాబట్టి "టీవీ ప్రభుత్వాన్ని కదిలిస్తుందా" అని అడగొద్దు, "ఏ విషయంలో" అని అడగండి. లిఫ్టు, రోడ్డు గుంత, ఎస్సై చెంపదెబ్బ, ఫీజు కట్టలేని పిల్లాడి ర్యాంకు, వీటిలో కదిలిస్తుంది. రాజధాని, మద్యం పాలసీ, భూముల చట్టం లాంటివాటిలో దాని వాటా చాలా చిన్నది.

సొంత ఛానల్ చేసే చేటు

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి, ఎవరూ పెద్దగా రాయరు.

మన రెండు రాష్ట్రాల్లో ఏ ఛానల్ ఎవరి వైపో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఒకప్పుడు రాజశేఖరరెడ్డిగారు "ఆ రెండు పత్రికలు" అంటే ఈనాడు, ఆంధ్రజ్యోతి అని సభంతా అర్థమై నవ్వేది. 2008లో సాక్షి పేపరు, 2009 మార్చిలో సాక్షి టీవీ వచ్చాయి. అదే ఏడాది ఏబీఎన్ వచ్చింది. అంతకు ముందే టీవీ9, ఎన్‌టీవీ, టీవీ5 ఉన్నాయి. తెలంగాణలో తర్వాత టీ న్యూస్, వీ6. ఇప్పుడు ఎల్లో మీడియా అని ఒకరు, బ్లూ మీడియా అని ఒకరు తిట్టుకుంటారు. మనుషులు కూడా అటూ ఇటూ మారుతుంటారు. సాక్షిలో ఎడిటోరియల్ డైరెక్టరుగా చేసిన సజ్జల రామకృష్ణారెడ్డి 2019 తర్వాత ప్రభుత్వ సలహాదారయ్యారు. టీవీ5 ఛైర్మన్ బీఆర్ నాయుడు 2024లో టీటీడీ ఛైర్మన్ అయ్యారు. అమెరికాలోనూ ఇంతే, ఫాక్స్‌లో వారాంతం షో నడిపిన పీట్ హెగ్సెత్ 2025 జనవరిలో రక్షణ మంత్రి అయ్యాడు.

ఇలా ఉన్నప్పుడు జనం మోసపోతారని అందరూ భయపడతారు. నేను చూసినంతలో ముందు మోసపోయేది ఆ ఛానల్ ఎవరి వైపుందో ఆ నాయకుడే. జనానికి "ఇది వాళ్ళ ఛానల్" అని తెలుసు, పది శాతం తగ్గించుకుని వింటారు. నాయకుడు తగ్గించుకోడు. కింది నుంచి నిజం మోసుకొచ్చే కార్యకర్త కూడా గదిలోకి రాగానే గోడ మీద టీవీల్లో ఏ గాలి వీస్తోందో చూసి మాట మార్చుకుంటాడు. మా ఊళ్ళో పరిస్థితి బాలేదన్నా అని చెప్పడానికి గుంటూరు దాటి వచ్చిన ఒక మండల నాయకుడు, లోపల టీవీలో "ప్రతిపక్షం ఖాళీ" అని నడుస్తుంటే చూసి, కాఫీ తాగి, దండం పెట్టి వెళ్ళిపోవడం నేను ఆ గదిలోనే చూశాను.

లెక్కలు చూడండి. 2019లో అధికారంలో ఉన్న టీడీపీ 23 సీట్లకు పడిపోయింది. ఫలితాలకు ముందు మన మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వే టీడీపీదే అధికారమంది, ఆ పార్టీ అభిమానులు ఆ మాట పట్టుకుని కౌంటింగు దాకా నిద్రపోయారు. 2024లో "వై నాట్ 175" అన్న వైసీపీకి వచ్చింది 11. రెండుసార్లూ ఓడినవాళ్ళకి సొంత తెర ఉంది, రెండుసార్లూ ఆ తెర మీద అంతా బావుంది. ఓటమికి కారణం ఛానల్ అనడం లేదు నేను. ఓటమి వస్తోందని తెలియకుండా చేయడంలో ఛానల్‌కి పెద్ద పాత్ర ఉందంటున్నా.

మరి జనం సంగతి?

అమెరికాలో దీన్ని బాగా కొలిచారు. ఫాక్స్ న్యూస్ 1996 అక్టోబరులో మొదలైనప్పుడు అన్ని ఊళ్ళ కేబుల్లోకీ ఒకేసారి రాలేదు. వచ్చిన ఊళ్ళనీ రాని ఊళ్ళనీ పోల్చి ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లో లెక్క వేశారు. ఫాక్స్ వచ్చిన ఊళ్ళలో 1996కీ 2000కీ మధ్య రిపబ్లికన్ల ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది. చూడ్డానికి చిన్నదే. 2000లో అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడాలో కొన్ని వందల ఓట్ల మీద తేలిందని గుర్తుంచుకుంటే చిన్నది కాదు.

2017లో వచ్చిన ఇంకో అధ్యయనం మన కేబుల్ వాళ్ళకి చెప్తే నవ్వుకుంటారు, ఇది మాకెప్పుడో తెలుసంటారు. కేబుల్లో ఛానల్ నంబర్ చిన్నదైతే, అంటే రిమోట్ తిప్పుతుంటే ముందే తగిలితే, జనం దాన్ని ఎక్కువ చూస్తారు. ఆ తేడాని పట్టుకుని, నంబర్ పుణ్యాన వారానికి రెండున్నర నిమిషాలు అదనంగా ఫాక్స్ చూసినవాళ్ళలో రిపబ్లికన్ల ఓటు 0.3 పాయింట్లు పెరిగిందని చూపించారు.

మన దగ్గర దీనికి మార్కెట్టే ఉంది. కేబుల్ ఆపరేటర్లకి ఛానళ్ళు అందించే ఎంఎస్‌ఓకి ఛానల్‌వాళ్ళు క్యారేజ్ ఫీజు కట్టేది ఊరికే కాదు, ఫలానా నంబర్ పక్కన కావాలని. సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే మొదట వచ్చే ఛానల్ని ల్యాండింగ్ పేజీ అంటారు. దానికోసం పోటీ ఇంకా ఎక్కువ. అన్నం గిన్నె చేతిలో పట్టుకుని రిమోట్ వెతుక్కునేలోపు అరనిమిషం ఆ ఛానల్ చూసినట్టే లెక్క. రేటింగులున్న ఛానళ్ళని అలా పెట్టొద్దని 2018 చివర్లో నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది, ఆ రంగం వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇక రేటింగుల సంగతంటే, వాటిని లెక్కగట్టే బార్క్ సంస్థ 2020 నాటికి దేశం మొత్తం మీద మీటర్లు పెట్టినవి సుమారు 44 వేల ఇళ్ళు. 2020 అక్టోబరులో ముంబయిలో టీఆర్‌పీల (రేటింగుల) మోసం కేసు బయటపడ్డాక న్యూస్ ఛానళ్ళ రేటింగులు ఆపేసి, మళ్ళీ 2022 మార్చిలో నాలుగు వారాల సగటుతో ఇవ్వడం మొదలుపెట్టారు. రేటింగులు ఆగిన ఆ కాలంలో ఏ ఛానలూ అరవడం తగ్గించలేదు. రేటింగుల కోసమే అరుస్తారన్న మాట సగమే నిజమని నాకు అప్పుడే అర్థమైంది. మిగతా సగం ఎవరికో వినపడాలని.

ఇంకో ప్రయోగం చూడండి. 2020 సెప్టెంబరులో ఇద్దరు పరిశోధకులు రోజూ ఫాక్స్ చూసేవాళ్ళకి గంటకి 15 డాలర్లిచ్చి, నెలపాటు సీఎన్‌ఎన్ చూడమన్నారు. కొన్ని విషయాల్లో వాళ్ళ అభిప్రాయాలు నిజంగానే మారాయి. ఎక్కువ మారింది మాత్రం వాళ్ళకి తెలిసిన సంగతుల జాబితా. అంతకుముందు వాళ్ళ ఛానల్ చూపించనివి వాళ్ళకి తెలిశాయి. డబ్బులు ఆగాక మళ్ళీ ఫాక్స్‌కే వెళ్ళిపోయారు, మారినదీ చాలావరకు కరిగిపోయింది.

ఇక్కడే మన పోలిక కుదురుతుంది. ఛానల్ బలం అబద్ధం చెప్పడంలో కంటే అసలు చెప్పకపోవడంలో ఉంది. ఒకే రోజు ఒకే ప్రభుత్వం గురించి రెండు ఛానళ్ళు పెట్టి చూడండి. రెండూ ఒకే విషయం మీద తగవు పడటం తక్కువ. ఒకటి ఒక విషయం మీద, ఇంకోటి వేరే విషయం మీద మాట్లాడుతుంటాయి. గుంటూరు బ్రాడీపేటలో అన్న ఒకటి, అరండల్‌పేటలో తమ్ముడు ఒకటి చూస్తే పండక్కి కలిసినప్పుడు వాదించుకోవడానికి కూడా ఉమ్మడి విషయం దొరకదు.

ఓట్ల విషయానికొస్తే, 2019లో వైసీపీకి దాదాపు 50 శాతం, 2024లో 39 శాతం పైచిలుకు. సీట్లు 151 నుంచి 11కి పడ్డాయి, ఓట్లు మాత్రం పదకొండు శాతం లోపే కదిలాయి. నూటికి నలభై మంది ఓడిపోతున్న పార్టీకీ వేశారు. వాళ్ళని ఏ డిబేటూ మార్చలేదు. కదిలిన ఆ పది పదకొండు మంది ఎవరు? నా అంచనా, రాత్రి డిబేట్లు చూసేవాళ్ళు కాదు. డిబేట్ చూసేవాడు ఎప్పుడో తేల్చేసుకున్నాడు. తనవాడు ఎదుటివాణ్ణి ఎలా వాయించాడో చూడ్డానికి కూర్చుంటాడు, అది కోడిపందెం దగ్గర నిలబడటం లాంటిది. ఏడు నుంచి తొమ్మిది దాకా చాలా ఇళ్ళలో రిమోట్ ఆడవాళ్ళ చేతిలో, సీరియల్ మీద ఉంటుంది. డ్వాక్రా మీటింగులో, మిర్చియార్డు కాంటా దగ్గర, ఆటో స్టాండులో పుట్టిన మాట వాళ్ళని కదిలిస్తుంది. టీవీ మాట అక్కడికి వెళ్ళేది వాట్సాప్‌లో నలభై సెకన్ల ముక్కగా, ఎవరో తెలిసినవాళ్ళు పంపితే. అప్పుడది ఛానల్ మాట కాదు, బావగారు పంపిన మాట.

దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. 2010 జనవరి 7. రాజశేఖరరెడ్డిగారు పోయి నాలుగు నెలలు. ఆయన మరణం వెనక రిలయన్స్ ఉందని రష్యాకు చెందిన ఒక వెబ్‌సైటులో వచ్చిన కథనాన్ని టీవీ5 చూపించింది, ఇంకొన్ని ఛానళ్ళు అందుకున్నాయి. కొద్ది గంటల్లో రాష్ట్రమంతా రిలయన్స్ దుకాణాల మీద, బంకుల మీద దాడులు. ఆ కథనానికి ఆధారం లేదు. టీవీ5 జర్నలిస్టులిద్దర్ని అరెస్టు చేశారు. మనసు అప్పటికే రగిలి ఉండి, నమ్మడానికి సిద్ధంగా ఉన్నచోట ఛానల్ గంటల్లో వీధుల్ని కదిలించగలదు. పాత అభిప్రాయాన్ని తిరగరాయడం వేరు, ఉన్న కోపానికి అడ్రసు ఇవ్వడం వేరు. రెండోది టీవీకి బాగా చేతనవును.

తీగ ఎవరి చేతిలో ఉంది

జనం మీద ఇంత తక్కువ ప్రభావమే అయితే నాయకులు ఛానళ్ళంటే ఎందుకంత ఉలిక్కిపడతారు? వాళ్ళు నమ్ముతారు కాబట్టి. 2014 జూన్‌లో తెలంగాణలో ఎంఎస్‌ఓలు టీవీ9, ఏబీఎన్ ఆపేశారు. 2016 జూన్‌లో కాపు నేత ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో ఆంధ్రాలో సాక్షి ఆగింది. 2019లో ప్రభుత్వం మారాక టీవీ5, ఏబీఎన్ వంతు, ఆ గొడవ టీడీశాట్ దాకా పోయింది. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారాక టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ, సాక్షి. టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు ప్రసారాలు ఇవ్వమని ఎంఎస్‌ఓలకి చెప్పింది. ప్రతిసారీ ప్రభుత్వాలు మాకేం సంబంధమన్నాయి. ఆపరేటర్ల సొంత నిర్ణయమట. నాకు తెలిసిన ఆపరేటర్లెవరూ ఇంటింటికీ తిరిగి తిట్లు తినే నిర్ణయాన్ని ఉబుసుపోక తీసుకునే రకం కాదు.

కేసుల దారి కూడా ఉంది. 2021 మేలో టీవీ5, ఏబీఎన్ మీద రాజద్రోహం కేసు పెడితే సుప్రీంకోర్టు కఠిన చర్యలొద్దని ఆపింది. 2025 జూన్‌లో సాక్షి చర్చలో ఒక ప్యానలిస్టు అమరావతి మహిళల గురించి నీచంగా మాట్లాడితే, ఆ చర్చ నడిపిన సీనియర్ జర్నలిస్టుని కూడా అరెస్టు చేశారు. నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు ఆయనకి బెయిలిచ్చింది. ఆ ప్యానలిస్టు మాటల్ని నేను సమర్థించను, వినడానికే సిగ్గేసింది. కానీ రెండు ప్రభుత్వాల్లోనూ పోలీసు చేతికి పని చెప్పింది టీవీ సెట్టే అన్నది మీ ప్రాజెక్టుకి పనికొచ్చే సంగతి.

ఫాక్స్‌తో పోలిక తప్పేది ఇక్కడే. అక్కడ ఛానల్ పెద్దది, నాయకుడు దాని వెంట పడతాడు. ట్రంప్ పొద్దున్నే ఫాక్స్ చూస్తూ అందులో వచ్చినదాని మీద అప్పటికప్పుడు ట్వీట్లు పెట్టేవాడు. ఇక్కడ తీగా, ప్రకటనలూ, కేసూ అన్నీ ప్రభుత్వం అందుబాటులో ఉంటాయి. ఛానల్ నాయకుణ్ణి నడిపిస్తుంది, నాయకుడు ఛానల్ గొంతు పట్టుకుంటాడు, రెండూ ఒకే రోజు జరుగుతాయి.

ఫాక్స్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. 2020 ఎన్నికల్లో ఓటింగు యంత్రాలు మోసం చేశాయన్న ప్రచారం మీద ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ కంపెనీ దావా వేస్తే, 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78 కోట్ల 75 లక్షల డాలర్లిచ్చి రాజీ పడింది. ఆ కేసులో బయటపడ్డ మెసేజుల్లో యాంకర్లే ఆ ప్రచారాన్ని లోపల్లోపల నమ్మలేదని కనపడింది. నిజం చెప్తే ప్రేక్షకులు వేరే ఛానల్‌కి పోతారని భయం. ఛానల్ జనాన్ని నడిపిస్తుందనుకుంటాం, జనం కూడా ఛానల్ని అలాగే నడిపిస్తారు. మా డెస్కులో కూడా, మన పార్టీ అనుకునేవాళ్ళకి వ్యతిరేకంగా నిఖార్సయిన వార్త ఒకటి వేస్తే యూట్యూబ్ లైవ్ కింద బూతులు మొదలయ్యేవి, చూసేవాళ్ళ అంకె కళ్ళముందే దిగేది. మర్నాడు అలాంటి వార్తని ఎవరూ తెమ్మనేవారు కాదు. ఓనరు ఫోన్ కూడా అక్కర్లేదు.

ప్రాజెక్టు సంగతి

జనాన్ని సర్వే చేయకండి. "టీవీ మిమ్మల్ని మార్చిందా" అంటే ఎవరైనా లేదనే అంటారు, పక్కింటివాణ్ణి మార్చిందంటారు. ఒక వారం తీసుకోండి. అటొకటి, ఇటొకటి, మధ్యలో ఉన్నానని చెప్పుకునేది ఒకటి, మూడు ఛానళ్ళ స్క్రోలింగ్ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా టైముతో సహా రాసుకోండి. పక్కన గడిలో ఆ రోజు సమాచార శాఖ ఇచ్చిన ప్రెస్ నోట్లు, పార్టీల ప్రెస్ మీట్లు, జిల్లాలో పడ్డ సస్పెన్షన్లు, బదిలీలు, కలెక్టరు పర్యటనలు వేసుకోండి. ఏ స్క్రోలింగ్‌కి ఎంతసేపట్లో ఎవరు కదిలారో, దేనికి అసలు కదల్లేదో దానంతట అదే కనపడుతుంది. నెల తర్వాత మళ్ళీ వెళ్ళి, బాగుచేశామన్నది నిజంగా బాగైందో లేదో చూడండి. ఆ పని ఛానళ్ళు చేయవు కాబట్టి మీ ప్రాజెక్టులో విలువైన భాగం అదే అవుతుంది.

ఒక ఎంఎస్‌ఓ దగ్గర గంట కూర్చోండి. ఛానల్ నంబర్ల పట్టిక ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అడగండి. డబ్బు లెక్కలు చెప్పరు, మిగతావి టీ తాగుతూ చెప్తారు. పార్టీ ఆఫీసుల్లో టీవీలు చూసి రాసుకునే కుర్రాళ్ళుంటారని చెప్పాను కదా, నాయకుల ఇంటర్వ్యూల కంటే వాళ్ళ నోట్‌బుక్కు మేలు. పొద్దున ఫోన్ చేస్తే ఎత్తరు. మూడింటి తర్వాత చేయండి, అప్పటికి రెండు వైపులా ప్రెస్ మీట్లు అయిపోయి కాస్త ఊపిరి పీల్చుకుంటుంటారు.